పూలమ్మ జరిపిన మంచాలు

పూలమ్మను పనిలో పెట్టుకున్న రోజు ఆమెకు చెప్పింది మూడే మాటలు. కడగాలి, తుడవాలి, ఉతకాలి. ఇంకేమైనా ఉంటే ఎవరో ఒకరు చెబుతారు, చెప్పింది చేయాలి. ఆయా పని అంటే అంతే. అంతకు మించి ఆయాకు ఒక ఆలోచన ఉంటుందని ఆ దవాఖానలో ఎవరూ అనుకోలేదు. పూలమ్మ కూడా అనుకోలేదు.

నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్‌కు వచ్చే దారిలో, పెద్ద రోడ్డు వదిలి ఒక సందులోకి తిరిగితే డాక్టర్ విద్యావతమ్మ కాన్పుల దవాఖాన ఉండేది. పాతకాలం బంగళా. కింద పొడుగాటి హాలే వార్డు, అందులో ఎనిమిది ఇనుప మంచాలు. వెనక వరండా, వరండా చివర ఉతికిన బట్టలు పెట్టుకునే చిన్న గది. ఆ గదికి ఒక కిటికీ, కిటికీ అవతల పక్కింటివాళ్ళ జామచెట్టు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఇంకా ఏడాది కాలేదు.

జోగిపేట దిక్కు నుంచి కూలి వెతుక్కుంటూ పట్నం వచ్చిన జంట వాళ్ళు. మొగుడు రాజనర్సు ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. మిరపకాయ బస్తాలు మోసిన రోజు అతను గుమ్మం దాటకముందే పూలమ్మకు తుమ్ములు మొదలయ్యేవి. "వచ్చిండు మా దొర" అనేది తుమ్ముతూనే. గోషామహల్ వైపు ఒక బస్తీలో కిరాయి గది, ఇద్దరే మనుషులు. పుట్టిన ఒక్క బిడ్డ ఊళ్ళోనే పురిట్లో పోయింది. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు.

ఆ బిడ్డ సంగతి పూలమ్మ ఎవరితోనూ చెప్పుకునేది కాదు. బిడ్డ పోయిన దుఃఖం ఒకటైతే, మూడో నాటికి పాలు పడటం ఇంకొకటి. బిడ్డ లేదన్న సంగతి మనసుకు తెలుస్తుంది, రొమ్ముకు ఎవరు చెబుతారు? రాయిలా గట్టిపడి జ్వరం వచ్చింది. పక్కింట్లో ఎవరి పిల్ల ఏడ్చినా రవిక తడిసిపోయేది. అప్పుడు మేనత్త ఎవరి పెరట్లోంచో ఒడినిండా మల్లెపూలు తెచ్చింది. దండ కట్టకుండా విడిపూలు పరిచి, పాత చీర పేలికతో ఛాతీకి కట్టింది. రోజూ వచ్చి పూలు మార్చి, కాసేపు కూర్చుని పోయేది. పాలు మెల్లగా వెనక్కి పట్టి ఇంకిపోయాయి. పూలవల్ల పట్టాయో, రోజూ ఒక మనిషి వచ్చి పక్కన కూర్చున్నందువల్ల పట్టాయో పూలమ్మ ఎప్పుడూ తేల్చుకోలేదు.

దవాఖానలో చేరిన రెండో ఎండాకాలం, బేగం బజార్‌లో కిరాణా దుకాణం వాళ్ళ కోడలు ఒకామె కాన్పుకు వచ్చింది. బిడ్డ పుట్టడమే ఊపిరి లేకుండా పుట్టింది. ఆమె మంచం వార్డు నడుమ ఉంది. ఇటు తిరిగితే ఒక పిల్ల, అటు తిరిగితే ఇంకో పిల్ల. పాపం ఆమె ఏ దిక్కూ తిరగకుండా పైకప్పు చూస్తూ పడుకుంది. పొద్దున తుడవడానికి వచ్చినప్పుడు అట్లాగే ఉంది, మధ్యాహ్నం తుడవడానికి వచ్చినప్పుడూ అట్లాగే ఉంది. పూలమ్మ చీపురు పక్కన పెట్టి, తనకంటే ముందు నుంచి పనిచేస్తున్న ఆయా జయమ్మ దగ్గరికి పోయింది.

"జయమ్మక్కా, ఈమె మంచం ఆ బట్టల గదిలకు జరుపుదమా?"

"మనకెందుకే? డాక్టరమ్మను అడుగు. జరుపుమంటే జరుపుదం."

"అడిగితే వద్దంటదేమో."

"వద్దంటే వద్దు."

"అందుకే అడుగుత లేను. నువ్వు ఆ కాళ్ళ దిక్కు పట్టు. కుట్లున్న మనిషి, ఈడ్వొద్దు, ఎత్తాలె."

జయమ్మ గొణుక్కుంటూనే పట్టింది. కొందరు అంతే, నోటితో వద్దంటూ చేత్తో సాయం చేస్తారు. మంచం బట్టల గదిలో కిటికీ పక్కకు చేరింది. ఆమె అప్పుడు, ఆ రోజుకు మొదటిసారి, ఒక పక్కకు తిరిగి పడుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయే దారిలో పూలమ్మ మొజంజాహి మార్కెట్ దగ్గర ఆగింది. అక్కడ పూలమ్మే బుజ్జమ్మ తడిగుడ్డ కింది నుంచి మల్లెదండ తీయబోతే "దండ వద్దు, విడిపూలు ఇయ్యి" అంది.

"దేవునికా, కొప్పుకా?"

"రెండిటికీ కాదు."

బుజ్జమ్మ ఆమె ముఖం ఒకసారి చూసి, ఇంకో మాట అడగకుండా దోసెడు ఎక్కువే పోసి ఆకులో కట్టింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ రౌండుకు వచ్చి వరండాలోనే ఆగిపోయింది. "మల్లెపూల వాసనేంది? దవాఖానల పెండ్లి పెట్టుకున్నరా?" అంది. ఖాళీ అయిన చోటు చూసింది, బట్టల గదిలో మంచం చూసింది, ఛాతీకి కట్టిన గుడ్డ చూసింది. పూలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కొలువు ఊడితే రాజనర్సుకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తోంది.

"ఎవరు జరిపిన్రు?"

"నేనేనమ్మా."

డాక్టరమ్మ గుడ్డ విప్పి చూసి, మళ్ళీ తన చేత్తోనే కట్టింది. "పూలల్ల పురుగులుంటయి, చూసినవా?"

"దులిపి పెట్టిన."

"ఊ."

ఆ 'ఊ' మీద పూలమ్మ పన్నెండేళ్ళు బతికింది.

చెప్పని పని చేయాలంటే ముందు పొద్దు మిగలాలి. ఆ సంగతి పూలమ్మకు త్వరగానే అర్థమైంది. అందుకని తెల్లవారకముందే వచ్చి మురికి గుడ్డలు సోడా నీళ్ళలో నానబెట్టేది. అందరూ మధ్యాహ్నం చేసే ఉతుకుడు ఆమెకు టిఫిన్ల వేళకే తెమిలేది. నేల తుడవడం రోగుల బంధువులు రాకముందే, ఒక్కసారికే సరిపోయేట్టు. అట్లా సర్దుకుంటే మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక గంట మిగిలేది. ఆ గంటను ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. తన పనిలోంచి తానే మిగుల్చుకుంది.

ఆ గంటలో తొలి కాన్పు పిల్లలకు బిడ్డను రొమ్ముకు ఎట్లా పట్టుకోవాలో చూపించేది. అత్తగార్ల ముందు సిగ్గుపడే పిల్లలు పూలమ్మ ముందు సిగ్గుపడేవాళ్ళు కాదు. గేటు దగ్గర బీడీలు తాగుతూ నిలబడే మొగుళ్ళకు పోయి కబురు చెప్పేది. ముందు తల్లి ఎట్లుందో చెప్పి, ఆ తర్వాతే ఏ బిడ్డో చెప్పేది. ఆడపిల్ల అనగానే ఎవడైనా ముఖం వేలాడేస్తే "లచ్చిమి వచ్చింది సారూ, గట్ల మొకం పెడ్తే తిరిగి పోతది, ఎన్కకు పిలిచినా రాదు" అనేది. నవ్వకుండా ఉండటం వాళ్ళ తరం అయ్యేది కాదు.

ఇక బిడ్డ దక్కని తల్లి మంచం. అది బట్టల గదిలోకి జరపాలంటే ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేని రోజు వచ్చింది. నర్సులే "పూలమ్మా, ఆ మూడో మంచం" అనేవాళ్ళు, అంతే. బుజ్జమ్మ కూడా ఆమె రావడం దూరం నుంచి చూసి, ముఖాన్ని బట్టి పొట్లం కట్టేది. మామూలు ముఖంతో వస్తే కట్టేది కాదు. మల్లెలు లేని కాలంలో పూలమ్మ ఉత్త చేతులతో పోయి ఆ తల్లి పక్కన కూర్చునేది. జీతం అంతే, హోదా అంతే. కానీ పొద్దున బయలుదేరేటప్పుడు ఆమె నడకలో హుషారు చూసి రాజనర్సు "దవాఖానకు పోతున్నట్టు లేదు, తల్లిగారింటికి పోతున్నట్టున్నది" అని ఆటపట్టించేవాడు. నిజంగానే ఆమెకు అట్లాగే ఉండేది. మురికి గుడ్డలు ఉతికే చేతులకు అంత గౌరవం తాను తెచ్చుకోగలనని ఆమె అనుకోలేదు.

పట్నం పెరిగింది. కొత్త ఆఫీసులు, కొత్త కాలనీలు, ఎక్కడెక్కడి నుంచో నౌకరీలకు వచ్చినవాళ్ళు, వాళ్ళ కాన్పులు. విద్యావతమ్మ చెయ్యి మంచిదని పేరు పడింది. బంగళా మీద అంతస్తు లేచింది. ఎనిమిది మంచాలు పదిహేనయ్యాయి, ఇరవై దాటాయి. లెక్కలు, మనుషుల వ్యవహారం చూడటానికి డాక్టరమ్మ తమ్ముడు వామన్‌రావు వచ్చి గేటు పక్క గదిలో కుర్చీ వేసుకున్నాడు. మంచాలు పెరిగాయి కానీ ఆయాలు పెరగలేదు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు, బందులు. బస్సులు లేక జయమ్మ ఉప్పుగూడ నుంచి నడిచి వచ్చీ పోయీ మోకాళ్ళు వాచి పని మానేసింది. ఆమె జాగాలో ఎవరూ రాలేదు.

"పూలమ్మ ఉండంగ ఇంకొకరు ఎందుకు? ఇద్దరి పని ఒక్కతే చేస్తది" అనేవాడు వామన్‌రావు, వచ్చినవాళ్ళందరి ముందూ, మెచ్చుకోలుగానే. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. పొడిచేముందు మెడ నిమరడం వామన్‌రావుకు తెలిసిన విద్య. చెడ్డవాడు కాదు. దసరాకు చీర పెట్టేవాడు, రాజనర్సు నడుం పట్టేసినప్పుడు డబ్బు తీసుకోకుండా మందిప్పించాడు. ఒక మనిషి చేతుల్లో ఎంత పని పడుతుందో మాత్రం అతనికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా అతనికి రాలేదు.

పూలమ్మ గంట ముందు అరగంటయింది. గేటు దగ్గర మొగుళ్ళతో పరాచికాలు పోయాయి. వాళ్ళ కబురు వాళ్ళకు ఎవరో చెబుతారులే. ఆ తర్వాత తొలి కాన్పు పిల్లలకు నేర్పడం పోయింది. నర్సమ్మలున్నారు కదా అనుకుంది. నర్సమ్మలకూ తీరిక లేదని ఆమెకు తెలుసు. పూలు మాత్రం చివరిదాకా పట్టుకుంది. భోజనం మానుకుని అయినా ఆ మంచం జరిపేది, ఆ పొట్లం తెచ్చేది.

ఇంతలో వామన్‌రావు బట్టల గదికి సున్నం కొట్టించి, ఫ్యాను పెట్టించి స్పెషల్ రూము చేశాడు. గుడ్డలు మెట్ల కిందికి మారాయి. బిడ్డ దక్కని తల్లికి పక్కకు తిరిగి పడుకునే చోటు లేకుండా పోయింది. దానికి ఉపాయం పూలమ్మకు ఆ రోజే తట్టింది. వరండా మూలకు ఒక తడక కట్టిస్తే చాలు, మంచం పడుతుంది. డాక్టరమ్మకు చెబితే కాదనదు. చెప్పాలని కొన్నాళ్ళు ఆ మాటను నోట్లోనే పెట్టుకు తిరిగింది. డాక్టరమ్మ ఎదురుపడినప్పుడల్లా తన చేతిలో బకెట్ ఉండేది, డాక్టరమ్మ వెనక ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు. రేపు చెబుదాం అనుకుంది. అట్లా అనుకుంటూ అనుకుంటూ కొన్నాళ్ళకు ఆ తడక ఆలోచనే రావడం మానేసింది. మంచం జరపడం ఆగాక పూల పొట్లమూ ఆగిపోయింది.

"డాక్టరమ్మకు చెప్పి ఇంకో మనిషిని పెట్టించుకోరాదే" అన్నాడు రాజనర్సు ఒక ఆదివారం. ఆదివారమూ ఆమె పనికి పోతూనే ఉంది.

"చెప్పనీకి గూడ పొద్దు దొరకాలె గద" అంది పూలమ్మ.

పని ఎక్కువైతే మనిషి పని ఎగ్గొడతాడని అందరూ అనుకుంటారు. ఎగ్గొట్టడు. చెప్పిందంతా చేస్తాడు. చెప్పనిది చేయడం మానేస్తాడు. అది లెక్కల్లో ఎక్కడా తగ్గినట్టు కనిపించదు కాబట్టి ఎవరికీ తెలియదు. దవాఖాన గచ్చు అద్దంలా మెరుస్తూనే ఉంది. గుడ్డలు తెల్లగా ఆరుతూనే ఉన్నాయి. వామన్‌రావు మెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఆ మరుసటి ఎండాకాలం పద్మ వచ్చింది. కోఠిలో పాత పుస్తకాల దుకాణాల వెనక సందులో ఉండే ఒక బడిపంతులు భార్య. చిన్న పిల్ల, ఇరవై ఉంటాయో ఉండవో. మగపిల్లవాడు పుట్టి ఒక్క రాత్రి బతికాడు. ఆమె మంచం వార్డు నడుమ ఉంది. పద్మ కూడా ఇటూ అటూ తిరగలేక పైకప్పు చూస్తూ పడుకుంది.

మూడో నాడు మధ్యాహ్నం పూలమ్మ మురికి గుడ్డల తట్టతో పోతుంటే పద్మ మెల్లగా పిలిచింది.

"ఆయమ్మా, నా మంచం జర ఆ వరండా దిక్కు జరుపుతవా?"

పూలమ్మ ఆగింది. పద్మ రవిక తడిగా ఉంది. పైనుంచి నర్సమ్మ గట్టిగా పిలుస్తోంది.

"జరుపుత బిడ్డా, ఆగు" అంది పూలమ్మ.

ఉత్తుత్తికి అనలేదు. జరపాలనే అంది. కానీ పైన ఒక కాన్పు కష్టమైంది, నెత్తురు గుడ్డలు గంపలకొద్దీ పడ్డాయి. నల్లాలో నీళ్ళు ఆగిపోయాయి. ఎండాకాలం, ఎప్పుడు ఆగుతాయో తెలియదు. పెరట్లో నీళ్ళ హౌజు నుంచి బకెట్లతో మోసుకుంటూ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. ఎక్కిన ప్రతిసారీ వార్డు మీదుగానే పోవాలి. పోయిన ప్రతిసారీ పద్మను చూసింది. పద్మ కూడా ఆమెను చూసింది, మళ్ళీ పిలవలేదు. ఈ బకెట్ కాగానే, అనుకుంది పూలమ్మ. ఈ ఒక్క బకెట్ కాగానే. మంచం ఎత్తడానికి పట్టుమని పది నిమిషాలు పట్టదు. ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నో సార్లు అనుకుంది.

పక్క మంచం బాలింతకు జ్వరం. మత్తుగా నిద్రపోతోంది. ఆమె పిల్లవాడు ఉయ్యాలలో గుక్కపట్టి ఏడ్చాడు. ఎవరూ రాలేదు. రావడానికి ఎవరూ లేరు. పద్మ లేచింది, పిల్లవాణ్ణి తీసుకుంది, తన మంచం మీద కూర్చుని పాలిచ్చింది. పూలమ్మ ఖాళీ బకెట్‌తో దిగుతూ మెట్ల మీది నుంచి అది చూసింది. పద్మ ముఖం అంత నెమ్మదిగా ఉండగా చూడటం అదే మొదలు. పిల్లవాడు కూడా ఏడుపు మాని హాయిగా తాగుతున్నాడు.

అప్పుడే ఆ పిల్లవాడి నాయనమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని లోపలికి వచ్చింది.

"నీ పిలగాన్ని మింగింది సాల్లేదా, మా పిలగాని మీద పడ్డవ్?" అంది వార్డంతా వినేట్టు. అంతటితో ఆగలేదు. అన్న మాటలన్నీ ఇక్కడ రాయడం ఎందుకు, ఒక్కటి చాలు.

పద్మ పిల్లవాణ్ణి రొమ్ము నుంచి మెల్లగా విడిపించింది. పిల్లవాడి మూతి తన కొంగుతో తుడిచి ఉయ్యాలలో పడుకోబెట్టింది. మంచం దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, వరండా మీదుగా గేటు దాటి ఎండలోకి పోయింది. పూలమ్మ బకెట్ వదిలేసి వెనక ఉరికింది కానీ, సందు మలుపుకు వచ్చేసరికి రోడ్డు మీద రిక్షాలు, బస్సులు, మనుషులు తప్ప పద్మ కనిపించలేదు. మందులకని బయటికి పోయిన మొగుడు వచ్చి, ఊరంతా వెతికి, చివరికి నాంపల్లి స్టేషన్‌లో ఒక బెంచీ మీద దొరకబుచ్చుకున్నాడు. రైలు కోసం కూర్చున్న మనుషుల నడుమ, తడిసిన రవిక మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉందట. దవాఖానకు మళ్ళీ తీసుకురాలేదు, అటునుంచి అటే ఇంటికి తీసుకుపోయాడు.

దవాఖానలో పెద్ద పంచాయతీ అయింది. డాక్టరమ్మ నర్సులను కేకలేసింది. వామన్‌రావు గేటు దగ్గర మనిషిని తిట్టాడు. ఆ ముసలామెకు కూడా గట్టిగానే బుద్ధి చెప్పారు. పూలమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచం జరపడం ఆమె పనుల్లో లేదు. లేని పని ఎందుకు చేయలేదని ఎవరు అడుగుతారు? ఎవరైనా తిడితే బాగుండునని, తిడితే ఏడ్వొచ్చునని ఆమెకు అనిపించింది.

మర్నాడే పద్మ దగ్గరికి పోదామనుకుంది. పూట సెలవు దొరకడానికి వారం దాటింది. బుజ్జమ్మ దగ్గర విడిపూలు కట్టించుకుని, దారి అడుగుతూ కోఠిలో ఆ ఇల్లు పట్టుకుంది. పద్మ తల్లి తలుపు తీసి లోపలికి పిలిచింది. చాప మీద పద్మ జ్వరంతో పడుకుని ఉంది. రొమ్ము గడ్డకట్టి చీము పడితే పెద్ద దవాఖానలో కోయించారట. పూలు పరచవలసిన చోట మందు గుడ్డ కట్టి ఉంది.

"గవేంటివి?" అంది పద్మ ఆకు పొట్లం చూసి.

"మల్లెలు బిడ్డా. పాలు ఎన్కకు పడ్తయని..."

"ఇప్పుడెందుకమ్మా."

పూలమ్మ ఇంకేదో చెప్పబోయింది. నీళ్ళు ఆగిపోయిన సంగతి, పైన కాన్పు సంగతి. నోరు తెరిచేసరికి అవన్నీ ఆమెకే సిగ్గనిపించాయి. పద్మ కోపం లేకుండా, ఉన్న సంగతి చెబుతున్నట్టు అంది.

"నువ్వు ఆగుమన్నవ్ కదా ఆయమ్మా. నేను చానసేపు ఆగిన."

ఆ పొట్లం అక్కడ పెట్టాలో తీసుకుపోవాలో తెలియక పూలమ్మ తనతోనే తెచ్చేసుకుంది. ఇంట్లో గూట్లో పెట్టింది. రాజనర్సు వచ్చి వాసనకు "ఏం పండుగే?" అని అడగబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. పూలు రెండు రోజులకు నల్లబడితే అతనే తీసి పారేశాడు.

వానాకాలం వచ్చేసరికి డాక్టరమ్మ ముగ్గురు కొత్త ఆయాలను పెట్టింది. తమ్ముడు వద్దన్నా వినలేదు. ఒకరోజు పూలమ్మను తన గదిలోకి పిలిచి, స్టూలు చూపించి "కూసో" అంది. అన్నేళ్ళలో ఆ గదిలో పూలమ్మ కూర్చోవడం అదే మొదటిసారి.

"నువ్వు మొదట్ల ఎన్ని చేస్తుంటివి పూలమ్మా. ఆ మంచం జరుపుడు, ఆ పూలు. ఎప్పుడు ఆగిపోయినయో నేనే చూస్కోలేదు. తప్పు నాది." డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు మనుషులున్నరు. వార్డు ఎట్లుండాల్నో నువ్వే చెప్పు. ఎవరు ఏం చెయ్యాల్నో నువ్వే పెట్టు. ఆ మంచానికి జాగ కావాల్నంటే వరండాల తడకనన్న రేపే కట్టిస్త. వామన్‌రావు ఏమనడు."

ఈ మాట కోసం పూలమ్మ ఒకప్పుడు మెట్ల మీద బకెట్‌తో ఎన్ని సార్లు నిలబడిందో. ఇప్పుడు ఆ మాట తనంతట తానే వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె గచ్చు వైపు చూసింది. బల్ల కాలి దగ్గర ఏదో మరక ఉంది. కొంగుతో రుద్దింది.

"ఏం మార్చొద్దమ్మా. గిట్లనే మంచిగున్నది" అంది. "నాకు ఏ మెట్లు కడగాల్నో, ఏ బట్టలు ఉతకాల్నో చెప్పున్రి. చాలు."

"అలసిపోయినవ్."

"ఔ అమ్మా."

బరువు దించేస్తే ఒంగిన నడుం తనంతట తానే లేస్తుందని బరువు మోయనివాళ్ళు అనుకుంటారు. రాజనర్సును అడిగితే చెప్పేవాడు, హమాలీ పని మానేసిన వాళ్ళు కూడా ఒంగే నడుస్తారని. పూలమ్మది అలసట ఒక్కటే కాదు, భయం కూడా. చెప్పిన పనిలో తప్పుపోతే తిట్టు తిని ఊరుకోవచ్చు. తన ఇష్టంతో నెత్తికెత్తుకున్న పనిలో తప్పుపోతే ఎవరూ తిట్టరు, మనసే జీవితాంతం తిడుతుంది. ఇంకోసారి అది పడే ఓపిక ఆమెకు లేదు.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. పని సగానికి సగం తగ్గింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత పూలమ్మ వరండా మెట్ల మీద గోడకు ఆనుకుని కూర్చునేది. పూర్వం మిగుల్చుకున్న గంట ఇప్పుడు అడక్కుండానే దొరికింది. ఆ గంటలో ఆమె ఏమీ చేసేది కాదు. ఈ మధ్యే చేరిన ఆయాల్లో నర్మద అని సిద్దిపేట దిక్కు పిల్ల ఒకతి, చలాకీది, ఏదో ఒకటి అడుగుతూ ఉండేది. పూలమ్మ ఔ అనో కాదు అనో చెప్పి కళ్ళు మూసుకునేది.

ఒక మధ్యాహ్నం నర్మద వార్డులోంచి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"పూలమ్మవ్వా, ఆ నడిమి మంచం అక్క లేదా, పిల్ల పోయిన అక్క. అటుదిక్కు ఇటుదిక్కు పిల్లలే ఏడ్వబట్టిరి. ఆమెను జర ఈ వరండా దిక్కు జరుపుదమా?"

ఎవరూ ఆ పిల్లకు చెప్పలేదు. దానికే తట్టింది.

"డాక్టరమ్మను అడుగు" అంది పూలమ్మ.

అన్న తర్వాత ఆ మాట ఎవరిదో ఆమెకు గుర్తొచ్చింది. జయమ్మ కనీసం గొణుక్కుంటూనే మంచం కాళ్ళు పట్టింది. నర్మద పైకి పోయింది, డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉందని దిగి వచ్చింది. మళ్ళీ వార్డులోకి పోయింది. తలుపు తెరిచే ఉంది, లోపలి మాట బయటికి వినిపించింది.

"జరుపుత అక్కా, జర ఆగు. అడిగొస్త."

పూలమ్మ కళ్ళు తెరిచింది. గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వార్డులోకి పోయి, పైకప్పు చూస్తూ పడుకున్న ఆ తల్లి ముఖం వైపు చూడకుండా, మంచం తలదిక్కు కమ్మీ పట్టుకుంది.

"అడిగేది తర్వాత. నువ్వు ఆ కాళ్ళ దిక్కు పట్టు. ఈడ్వకు, ఎత్తు."

ఇద్దరూ ఆగి ఆగి ఎత్తి వరండా మూలకు చేర్చారు. పూలమ్మ మెట్ల కింది నుంచి పాత దుప్పటి తెచ్చి అడ్డంగా కట్టింది. ఆ తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి దుప్పటి వెనక నుంచి ఏడుపు వినిపించింది. నర్మద కళ్ళు తుడుచుకుంటూనే తృప్తిగా నిలబడింది.

"ఇంకేమన్న చేసేదున్నదా అవ్వా?"

ఆ తల్లికి రవిక తడవడం మొదలైందని పూలమ్మ ఎత్తేటప్పుడే చూసింది. విడిపూలు తేవాలి, దులిపి పెట్టాలి, దారంతో కట్టకూడదు, రోజూ మార్చాలి, మార్చి కాసేపు కూర్చోవాలి. అన్నీ నోటిదాకా వచ్చాయి.

"ఏం లేదు. పో, బట్టలు ఎండినయేమో చూడు" అంది.

ఆ సాయంత్రం మొజంజాహి మార్కెట్ దగ్గర బుజ్జమ్మ మల్లెలు కుప్పగా పోసుకుని కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. దూరం నుంచి పూలమ్మ ముఖం చూసి, పాత అలవాటున ఆకు తీసింది. పూలమ్మ రోడ్డు అవతలి పక్కకు దాటి, తల వంచుకుని నడిచింది. బుజ్జమ్మ కాసేపు ఆ ఆకును చేతిలోనే పట్టుకుని, మళ్ళీ గంపలో పెట్టేసింది.

ఆ తల్లి ఉన్నన్ని రోజులూ పూలమ్మ ఆ వరండా మూల తుడిచింది, గుడ్డలు మార్చింది, కుండలో నీళ్ళు నింపింది. చెప్పిన పనంతా చేసింది. పాలు వెనక్కి పట్టాయా అని మాత్రం అడగలేదు.